సంచకరువు: బేరం చెడితే బయానా ఎవరిది?

ఇల్లు కొనేవాడు బేరం కుదిరిన నాడు అమ్మేవాడి చేతిలో పెట్టే సొమ్మును మా గొలుగొండ ప్రాంతంలో ఈ రోజు అందరూ ‘అడ్వాన్సు’ అనే అంటున్నారు. నా చిన్నతనంలో పెద్దలు ‘బయానా’ అనేవారు. నిఘంటువులు తిరగేస్తే ఇంకా పాత మాట ఒకటి కనిపిస్తుంది: సంచకరువు. సంచకరము, సంచకారము అన్న రూపాలూ ఉన్నాయి. మూడు మాటలూ ఒకే సొమ్మును చెప్పేవే కదా, ఏదైతేనేం అనిపించవచ్చు. కాని ఒక మాట పోయి మరొక మాట వచ్చిన ప్రతిసారీ ఆ సొమ్ముకున్న అర్థం కొంత జారిపోయింది. బేరం బెడిసినప్పుడు పుట్టే తగవుల్లో చాలా భాగానికి ఆ జారుడే మూలమని నా అభిప్రాయం. తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక మాట దగ్గరనుంచే మొదలుపెడతాను, చదువరులు ఓర్చుకోవాలి.

సంచకరువు సంస్కృతంలోని ‘సత్యంకార’ శబ్దానికి తద్భవం. సత్యం ప్రాకృతంలో ‘సచ్చ’ అవుతుంది. అక్కడినుంచి తెలుగు, కన్నడాల్లో సంచకారం, తమిళ మలయాళాల్లో ‘అచ్చారం’ పుట్టాయి. సత్యంకారం అంటే సత్యం చేయటం, పలికిన మాటను నిజం చేయటం. ఈ పదం కోసం పాణిని ప్రత్యేకించి సూత్రం చేశాడు: ‘కార’ శబ్దం పరమైనప్పుడు సత్య శబ్దానికి ముమాగమం వస్తుందని. అందువల్లనే అది సత్యకారం కాక సత్యంకారం అయింది. మరొక సూత్రంలో శపథం కాని అర్థంలో సత్య శబ్దానికి వేరే ప్రత్యయం చెప్పాడు. దానికి వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ వర్తకుడిదే: సరుకు తప్పక కొంటానని కొంత సొమ్ము ముట్టజెప్పి ఖాయం చేసుకునే వర్తకుడు. ఒట్టు పెట్టి మాట నిలబెట్టుకోవటం వేరు, సొమ్ము పెట్టి నిలబెట్టుకోవటం వేరు అని వైయాకరణులు ఏనాడో గుర్తించారన్న మాట. అమరసింహుడు వైశ్యవర్గంలో సత్యాపనం, సత్యంకారం, సత్యాకృతి అని మూడు పర్యాయపదాలు ఇచ్చాడు. మూడింటిలోనూ ఉన్నది సత్యమే. ధర అన్న భావం ఒక్కదానిలోనూ లేదు.

ఇక ధర్మశాస్త్రం ఏమన్నది? యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో సత్యంకారంగా పుచ్చుకున్న ద్రవ్యాన్ని రెట్టింపుగా తిరిగి ఇప్పించాలని ఉంది. కల్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు దీనికి మితాక్షర అనే వ్యాఖ్య వ్రాశాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఉంగరం. క్రయవిక్రయాల ఏర్పాటు నిలబడటానికి ఒకడు తన ఉంగరం వంటి వస్తువును ఎదుటివాడి చేతిలో పెట్టాడనుకోండి. ఇచ్చినవాడే మాట తప్పితే ఆ ఉంగరం వదులుకోవాలి. పుచ్చుకున్నవాడు మాట తప్పితే ఆ ఉంగరానికి రెట్టింపు తిరిగి ఇవ్వాలి. ఈ మితాక్షరనే పదమూడవ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. న్యాయశాస్త్రం తెలుగులో చెప్పుకోవాలన్న కోరిక మనవాళ్లకు అంత పాతది.

ఇక్కడ గమనించవలసింది తూకం. కొనేవాడు తప్పితే ఎంత పోగొట్టుకుంటాడో, అమ్మేవాడు తప్పితే అంతే పోగొట్టుకుంటాడు. రెట్టింపులో సగం వచ్చిన సొమ్మే. తన జేబులోంచి పోయేది మిగిలిన సగం. సొమ్ము ఒకరి చేతిలో ఉన్నా, బంధం ఇద్దరిదీ.

పశ్చాత్తాపానికి కూడా మన పూర్వులు గడువు పెట్టారు. దానిని ‘అనుశయం’ అన్నారు. కొని గాని అమ్మి గాని తరువాత మనసు మార్చుకున్నవాడు పది రోజుల లోపల వెనక్కు తీసుకోవచ్చునని మనుస్మృతి. కౌటిల్యుడు వృత్తినిబట్టి గడువు పెట్టాడు: వర్తకుడికి ఒక రాత్రి, కర్షకుడికి మూడు రాత్రులు, పశుపాలకుడికి ఐదు రాత్రులు. రోజూ బేరాలాడేవాడికి తొందరగా తెలుస్తుంది, ఎప్పుడో ఒకసారి బేరమాడేవాడికి ఆలోచించుకోవటానికి వ్యవధి కావాలి అన్న లోకజ్ఞానం అందులో ఉంది. ఇల్లు అమ్మటం, కొనటం చాలామందికి జన్మలో ఒకసారి చేసే పని. వారికి నేటి చట్టంలో ఒక్క రాత్రి అనుశయమూ లేదు.

ఈ రెట్టింపు న్యాయం మన దేశపు సొత్తు మాత్రమే కాదు. రోమనులు బయానాను ‘అర్ర’ అన్నారు. ఆ మాట ఫినీషియా, హీబ్రూ జాతుల వర్తకుల భాషలనుంచి గ్రీకు మీదుగా వచ్చింది. క్రీ.శ. 533 నాటి జస్టీనియన్ ధర్మసంహితలో కూడా కొనేవాడు తప్పితే ఇచ్చింది పోతుంది, అమ్మేవాడు తప్పితే రెట్టింపు ఇవ్వాలి అనే ఉంది. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి 1590వ ప్రకరణంలోకి అదే నియమం దిగింది. అటు రోములోను, ఇటు మన స్మృతుల్లోను న్యాయం ఒకే తీరుగా కుదిరింది. మనుషుల తగవులు ఎక్కడైనా ఒకటే కాబోలు.

తెలుగు దేశంలో ముసల్మాను ప్రభువుల కచేరీలతోపాటు ‘బయానా’ వచ్చింది. అరబ్బీ ‘బై’ అంటే అమ్మకం. దానికి ఫార్సీ ప్రత్యయం చేరింది. అమ్మకానికి సంబంధించిన సొమ్ము అని అర్థం. ఇందులో సత్యం జారిపోయి అమ్మకం మిగిలింది. అయినా అది బేరాన్ని కట్టిపడేసే సొమ్మన్న తెలివిడి జనంలో పోలేదు. తరువాత ఇంగ్లీషుతో వచ్చిన ‘అడ్వాన్సు’లో అదీ పోయింది. అడ్వాన్సంటే ముందుగా ఇచ్చేది, అంతే. ఎందుకు ఇస్తున్నామో ఆ మాటలో లేదు. కన్నడంలో ఈ పతనం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అక్కడ నేటి వాడుకలో ప్రాణానికి ‘సంచకార’ వచ్చిందంటే ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. సత్యం చేయటానికి పుట్టిన మాట అపాయానికి పేరయింది.

మాటతోపాటు న్యాయమూ మారింది. దానికి మా ఊరి చరిత్రలోనే ఒక ఆనవాలు ఉంది. (మాది గొలుగొండ, గోలకొండ కాదు. పాత ఇంగ్లీషు కాగితాల్లో రెండూ ఇంచుమించు ఒకేలా కనబడి తికమక పెడతాయి.) నర్సీపట్నం ముఖ్యపట్టణంగా ఉన్న పాత తాలూకాకు మా ఊరి పేరే ఉండేది. గొలుగొండ జమీందారీ శిస్తు బకాయిల కింద 1837లో వేలానికి వచ్చినప్పుడు కుంపిణీ ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. ముఠాదారుల తిరుగుబాట్లు ఆ తరువాతి కథ. ఇలాంటి బకాయి వేలాలకు 1864లో మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం ఒక పద్ధతి ఏర్పరచింది. పాట దక్కినవాడు ధరలో నూటికి పదిహేను వంతులు అక్కడికక్కడే కట్టాలి. మిగిలినది ముప్ఫయి రోజుల్లో కట్టకపోతే ఆ పదిహేను వంతులూ పోతాయి. మరి సర్కారే వేలం రద్దు చేస్తే? కట్టినది వెనక్కు వస్తుంది గాని రెట్టింపు మాట లేదు. తూకంలో ఒక తట్ట అప్పటికే తీసేశారు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం వచ్చాక మొత్తం దేశానికి అదే దారి అయింది. నష్టపరిహారం గురించి 73, 74 సెక్షన్లు ఉన్నాయి గాని సత్యంకారానికి అందులో ప్రత్యేకమైన చోటు లేదు. ఇంగ్లండు న్యాయస్థానాల తీర్పుల అడుగుజాడల్లో 1926లో ప్రివీ కౌన్సిల్ ఒక సూత్రం చెప్పింది: బేరం సాగితే బయానా ధరలో భాగమవుతుంది, కొనేవాడి తప్పువల్ల చెడితే అది అమ్మేవాడికి జప్తు అవుతుంది. అమ్మేవాడు తప్పితే రెట్టింపు అన్న రెండో పాదం అందులో లేదు. కాగితంలో వ్రాసుకుంటే తప్ప ఈనాటికీ లేదు. అమ్మేవాడు తప్పితే కొనేవాడు తన సొమ్ము వడ్డీతో అడగవచ్చు, నష్టం రుజువు చేసి పరిహారం అడగవచ్చు, లేదా రిజిస్ట్రీ చేయించమని దావా వేయవచ్చు. ఆ దావాకు గడువు మూడేళ్లు. డబ్బు సిద్ధంగా ఉన్నదని, కొనటానికి తాను ఎల్లవేళలా సిద్ధమేనని కొనేవాడే నిరూపించుకోవాలి.

అయితే ‘ఎంత సొమ్ము జప్తు’ అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1963లో ఇచ్చిన తీర్పు ఇళ్ల బేరాలు చేసేవారందరూ తెలుసుకోదగినది. ఫతేచంద్, బాల్‌కిషన్‌దాస్ కేసు అంటారు. ఢిల్లీలో ఒక బంగళాను 1949 మార్చిలో 1,12,500 రూపాయలకు బేరమాడారు. కొనేవాడు మొదట వెయ్యి రూపాయలు బయానా ఇచ్చాడు. తరువాత 24,000 ఇచ్చి బంగళా స్వాధీనం చేసుకున్నాడు. గడువులోగా మిగిలినది కట్టలేదు. అమ్మినవాడు మొత్తం పాతికవేలూ తనవే అన్నాడు. ఆ వెయ్యి మాత్రమే బయానా అని, 24,000 ధరలో భాగమని, నష్టం చూపకుండా దాన్ని మింగెయ్యటానికి వీల్లేదని కోర్టు తేల్చింది. సంచకరువు వేరు, ధర వేరు అన్న పాత వివేకం ఇక్కడ మళ్లీ తలెత్తింది. ఆ మాటకొస్తే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా ముందుగా చెల్లించిన ధరను, బయానాను రెండు వేరు మాటలతోనే చెప్పింది. న్యాయమైన కారణంతో వెనక్కు తగ్గిన కొనుగోలుదారుకు ఆ రెండు సొమ్ముల కోసమూ ఆ ఆస్తి మీదనే హక్కు కల్పించింది. చట్టం విడదీసిన దానిని కలగాపులగం చేసింది మన అడ్వాన్సు కాగితాలే.

ఈ కలగాపులగం పల్లెటూళ్లో ఎలా పీకల మీదికి వస్తుందో కళ్లారా చూశాను. ఏళ్ల కిందట మా వైపు ఒక పెంకుటింటి బేరం పన్నెండు లక్షలకు కుదిరింది. మొదటిరోజు తాంబూలంలో యాభై వేలు పెట్టారు. నెల తిరిగాక మరో మూడు లక్షలు ఇచ్చారు. రెండూ కలిపి నూరు రూపాయల స్టాంపు కాగితం మీద ‘అడ్వాన్సుగా ముట్టినది మూడు లక్షల యాభై వేలు’ అని ఒకే ముక్క వ్రాసుకున్నారు. మిగిలిన సొమ్ముకు కొనేవాడు బ్యాంకు అప్పు మీద ఆశ పెట్టుకున్నాడు. ఇల్లేమో గ్రామకంఠంలో ఉంది. తాతలనాటి నుంచి ఉంటున్నారే గాని వరుసగా దస్తావేజులు లేవు. బ్యాంకువారు అప్పు ఇవ్వలేదు. పత్రాలు లేని ఇల్లు చూపించారని కొనేవాడి వాదన. గ్రామకంఠం ఇల్లని తెలిసే బేరమాడారని అమ్మేవాడి వాదన. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

రామకోవెల అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. కాగితం చదివి పెట్టమని నన్ను పిలిచారు. అమ్మిన పెద్దాయన నా వైపు తిరిగి, “మాస్టారూ, ఆ సొమ్ము నా కాడ ఉందేటి? పిల్ల పెళ్లికి అయిపోనాది. ఇప్పుడెక్కడ నుంచి తెమ్మంతారు?” అన్నాడు. కొనేవాడి భార్య మాట్లాడలేదు. మెడలో పసుపుతాడు మాత్రం ఉంది. పుస్తెలతాడు కుదువపెట్టి ఆ మూడు లక్షల్లో కొంత తెచ్చారని తరువాత తెలిసింది. మాట ఖాయం చేసింది ఏ సొమ్ము, ధర కింద ఇచ్చింది ఏ సొమ్ము అని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. తాంబూలంలో పెట్టిన యాభై వేలే బయానా అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. అంతవరకు ఎవరూ ఆ ప్రశ్న వేయనే లేదు. తగవు అక్కడినుంచి మెత్తబడింది. యాభై వేలు అమ్మినవారు ఉంచుకొనేటట్టు, మూడు లక్షలు జీడిపిక్కల సొమ్ము చేతికి వచ్చాక రెండు దఫాలుగా తిరిగి ఇచ్చేటట్టు ఒప్పుకున్నారు. రెండో దఫా రావటానికి ఇంకో ఏడాది పట్టింది. అయినా వచ్చింది. కోర్టుకు ఎక్కి ఉంటే ఆ పుస్తెలతాడు ఎప్పటికి ఇంటికి చేరేదో!

మా ప్రాంతానికి మరొక చిక్కు ఉంది. గొలుగొండ మైదానం అంచు. మా మండలంలోని కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. ఆ ఊరు దాటి కొయ్యూరు వైపు వెళితే షెడ్యూల్డు ప్రాంతం మొదలవుతుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు మేము అనకాపల్లి జిల్లాలోకి, వారు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాము. కాని న్యాయంలో సరిహద్దు అంతకన్నా చాలా పాతది. 1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల మన్యాన్ని మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించి ఏజెంటు చేతికిచ్చారు. గిరిజనుల భూమి మైదానంవారికి చేరకుండా 1917లో ఒక చట్టం, 1959లో ఒకటో నిబంధన వచ్చాయి. 1970 సవరణతో షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తి గిరిజనేతరుడికి బదిలీ కావటమే నిషిద్ధమైంది. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

ఈ నిబంధనలో బదిలీ అన్న మాటకిచ్చిన నిర్వచనం చాలా విశాలం. అమ్మకం, తనఖా, కౌలు మాత్రమే కాదు. వాటికి సంబంధించిన ఒప్పందమూ, ఆస్తి మీద కల్పించే హక్కూ కూడా బదిలీ కిందికే వస్తాయి. అంటే ఆ గట్టు దాటాక గిరిజనేతరుడు ఇంటికోసం ఇచ్చే బయానాకు పుట్టుకే లేదు. సత్యం చేయటానికి అక్కడ చట్టం ఒప్పుకునే మాట ఏదీ లేదు. మైదానంలో కొనుగోలుదారుకు ఆస్తి మీద ఉండే హక్కు అక్కడ ఉండదు. అయినా తెల్లకాగితాల మీద అడ్వాన్సులు చేతులు మారుతూనే ఉంటాయి. చెడితే అడగటానికి కోర్టూ లేదు, రామకోవెల అరుగూ లేదు. గిరిజనుడి నేల కాపాడటానికి పుట్టిన నిబంధన అది. దాన్ని తప్పు పట్టను. తెలిసి తెలిసి అక్కడ సొమ్ము పోసేవాడు సొమ్మును తానే వదులుకుంటున్నాడని గుర్తుంచుకోవాలి.

ఇంతకూ తగవులు ఎప్పుడు ముదురుతాయి? ధర కదిలినప్పుడు. పెరిగితే అమ్మేవాడికి మనసు మారుతుంది. తగ్గితే కొనేవాడికి మారుతుంది. పాత న్యాయం రెండు వైపులా ఒకే బరువు పెట్టింది అందుకే. కొనేవాడి మీదనే బరువు పెట్టి, అమ్మేవాడికి ‘తీసుకున్నది ఇచ్చేస్తే సరి’ అని వదిలేస్తే, ధరలు పెరిగే కాలంలో మాట తప్పటమే లాభసాటి వ్యాపారం అవుతుంది.

ఆ తూకం మళ్లీ న్యాయస్థానాల చూపులోకి వస్తున్నదనటానికి 2025లోనే రెండు తీర్పులు వచ్చాయి. ఫిబ్రవరిలో ఒక బిల్డరు వ్యవహారంలో, ఫ్లాటు వద్దన్న కొనుగోలుదారు నుంచి ధరలో ఇరవై శాతం జప్తు చేసే షరతు ఏకపక్షమని సుప్రీంకోర్టు పది శాతం జప్తునే నిలబెట్టింది. మే నెలలో వచ్చిన మరొక తీర్పులో 55.5 లక్షల బేరంలో 20 లక్షల జప్తును సమర్థించింది. ఆ కాగితంలో అమ్మేవారు తప్పితే రెట్టింపు ఇవ్వాలన్న షరతు కూడా ఉంది గనుక అది ఏకపక్షం కాదన్నది అందులో ఒక కారణం. సొమ్ము తిరిగి ఇప్పించమని దావాలో విడిగా కోరకపోవటం కొనుగోలుదారుకు మరో దెబ్బ అయింది. యాజ్ఞవల్క్యుడి రెట్టింపు చట్టంలో లేకపోయినా, మనం కాగితంలో వ్రాసుకుంటే కోర్టు దాన్ని గౌరవిస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

కనుక నా దగ్గరకు కాగితం వ్రాయించుకోవటానికి వచ్చేవారికి చెప్పేది ఇదే. బయానా ఎంత, ధరలో భాగంగా ఇచ్చేది ఎంత అన్నది రెండు వేరు వాక్యాల్లో వ్రాయండి. కొనేవారు తప్పితే బయానా పోతుందని, అమ్మేవారు తప్పితే రెట్టింపు ఇవ్వాలని రెండు పాదాలూ వ్రాయండి. బ్యాంకు అప్పు రాకపోతే, పత్రాల్లో లోపం తేలితే ఎవరికీ తప్పు లేకుండా మొత్తం తిరిగి ఇవ్వాలో లేదో ముందే తేల్చుకోండి. గడువు తేదీ వేయండి. ఇరవై వేలు, అంతకు మించిన అడ్వాన్సు నగదుగా పుచ్చుకోవటం 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానాకు దారి. బ్యాంకు ద్వారా ఇవ్వండి. మన రాష్ట్రంలో 1999 ఏప్రిల్ నుంచి విక్రయ ఒప్పందానికీ రిజిస్ట్రేషను తప్పనిసరి చేశారు, ఖర్చుకు జంకకండి. అన్నిటికన్నా ముఖ్యం: పుచ్చుకున్న బయానా రిజిస్ట్రీ అయ్యేదాకా ఖర్చు పెట్టకండి. అది ఇంకా ధర కాలేదు. మితాక్షరకారుడు ఉంగరాన్ని ఉదాహరణగా ఇవ్వటంలో సౌలభ్యం అదే. ఉంగరం ఎవరూ వండుకు తినరు.

సంచకరువు అన్న మాటను మళ్లీ వాడుకలోకి తెమ్మని అనటం లేదు. మాటలు మన ఆజ్ఞకు లోబడవు. బయానా అన్నా, అడ్వాన్సు అన్నా, ఆ సొమ్ము మాటకు ప్రాణం పోసేదని ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒక్క క్షణం తలచుకుంటే చాలు. మీ మీ సీమల్లో ఈ సొమ్మును ఏమంటారో, బేరం చెడితే పెద్దలు ఏ తీర్పు చెప్పేవారో తెలిసినవారు వ్రాస్తే సంతోషిస్తాను. రాయలసీమ, తెలంగాణ మిత్రుల దగ్గర, మద్రాసు, బెంగుళూరు తెలుగువారి దగ్గర నాకు తెలియని మాటలు ఇంకా కొన్ని ఉండే ఉంటాయి.